ఎనిమిది దీవులు, ఒకే డబ్బు



పోయిన నెల ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. "అట్లాసు అంతా వెతికాను. వెస్టిండీస్ అనే దేశం ఎక్కడా కనపడలేదు. దేశమే లేకపోతే క్రికెట్ జట్టు ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగింది. అదే ఉత్తరం అడుగున వాళ్ళ నాన్నగారు మరొక ప్రశ్న చేర్చారు: "అన్ని దీవులకూ కలిపి ఒక జట్టు ఉన్నప్పుడు, అన్నిటికీ కలిపి ఒకే డబ్బు ఉంటే బాగుండదా?"

రెండూ మంచి ప్రశ్నలే. అమ్మాయి ప్రశ్నకు జవాబు చిన్నది. నాన్నగారి ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. ఓపికగా వినండి.

వెస్టిండీస్ ఒక దేశం కాదు. ఉత్తర అమెరికాకూ దక్షిణ అమెరికాకూ నడుమ కరిబియన్ సముద్రం ఉన్నది. దాని తూర్పు అంచున, దండ తెగి జారిపోయిన పూసల్లాగా, చిన్న చిన్న దీవులు వరసగా ఉంటాయి. వాటిలో చాలా మటుకు ఒక్కొక్క దీవీ ఒక్కొక్క దేశం. క్రికెట్ ఆడేటప్పుడు మాత్రం అందరూ కలిసి ఒక జట్టుగా వస్తారు.

ఆ జట్టులో ఆడిన అయిదుగురిని తీసుకోండి. గారీ సోబర్స్‌ది బార్బడోస్. వివ్ రిచర్డ్స్‌ది ఆంటిగ్వా. బ్రయాన్ లారాది ట్రినిడాడ్. క్రిస్ గేల్‌ది జమైకా. డారెన్ సామీది సెయింట్ లూసియా. ఈ అయిదుగురినీ వరసగా కూర్చోబెట్టి, "మీ మీ ఊళ్ళల్లో చెల్లే డబ్బు చూపించండి" అన్నామనుకోండి. సోబర్స్ బార్బడోస్ డాలరు చూపిస్తాడు. లారా ట్రినిడాడ్ డాలరు తీస్తాడు. గేల్ జమైకా డాలరు తీస్తాడు. రిచర్డ్స్, సామీ మటుకు ఒకే రకం నోటు చూపిస్తారు. వాళ్ళ దేశాలు వేరు, ప్రభుత్వాలు వేరు, మధ్య రెండువందల మైళ్ళ పైచిలుకు సముద్రం. అయినా నోటు ఒకటే! దాని పేరు తూర్పు కరిబియన్ డాలరు.

అంటే నాన్నగారు "ఉంటే బాగుండదా" అని అడిగినది కొన్ని దీవుల్లో ఇదివరకే ఉన్నదన్నమాట. ఈ డాలరు ఎనిమిది చోట్ల చెల్లుతుంది. ఆంటిగ్వా-బార్బుడా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్-నెవిస్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్-గ్రెనడైన్స్ అనే ఆరూ స్వతంత్ర దేశాలు. ఆంగ్విల్లా, మాంట్సెరాట్ అనే రెండూ ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్నాయి. ఎనిమిదింటినీ కలిపినా ఏడు లక్షలమంది జనం ఉండరు. మన విజయవాడ ఒక్కటే అంతకంటే పెద్దది.

దేశానికొక రకం డబ్బు ఉంటే ఏమిటి ఇబ్బంది అని మీకు తోచవచ్చు. మీ ఇంట్లో బాగా పెద్దవాళ్ళు ఉంటే అడిగి చూడండి. ఒకప్పుడు నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అనే వేరే రూపాయి చెల్లేది. బయట చెల్లే రూపాయిని అక్కడివాళ్ళు కల్దారు అనేవాళ్ళు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. బెజవాడనుంచి ఖమ్మం వెళ్ళినవాడు డబ్బు మార్చుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ మార్చుకోవాలి. మార్చినప్పుడల్లా షరాబు తన వట్టం తాను తీసుకుంటాడు. హాలీ సిక్కా 1959లో పూర్తిగా పోయింది. ఆ బాధా దానితోనే పోయింది.

కరిబియన్ దీవులకు కూడా ఈ సుఖం ఉన్నది. డొమినికాలో కొండలెక్కువ, వానలెక్కువ. పళ్ళూ, దుంపలూ బాగా పండుతాయి. ఆంటిగ్వాలో వాన తక్కువ. డొమినికా వర్తకులు పడవలమీద పళ్ళు తీసుకుపోయి ఆంటిగ్వాలో అమ్ముతారు. అక్కడ పుచ్చుకున్న నోటుతోనే ఇంటికి వచ్చి బియ్యం కొనుక్కోవచ్చు. వట్టం పెట్టి మార్చుకునే పని లేదు.

అయితే ఇది చిన్న లాభం. పెద్ద లాభం వేరే ఉన్నది. అది అర్థం కావాలంటే మనం ఒక దీవిని ఊహించుకోవాలి.

ఆ దీవిలో ఇరవై వేలమంది ఉన్నారనుకోండి. దాని డబ్బు దానిదే. నోట్లు అచ్చువేసే యంత్రమూ దానిదే. అక్కడ చేపలమ్మే ముసలమ్మ ఒకతె, ఇంటికి కొత్తకప్పు వేయించుకోవాలని పదేళ్ళుగా కూడబెట్టి వెయ్యి రూపాయలు పెట్టెలో దాచుకున్నది. ఇంతలో పెద్ద గాలివాన వచ్చింది. ఇళ్ళు కూలాయి, తోటలు పోయాయి. ప్రభుత్వం ఖజానాలో డబ్బు లేదు. "దానికేం? యంత్రం ఉన్నదిగా!" అని మంత్రి రాత్రింబగళ్ళు నోట్లు అచ్చువేయించాడు. అందరికీ పంచాడు. అందరూ సంతోషించారు.

ఆ సంతోషం ఎన్నాళ్ళు? దీవిలో నోట్లు రెట్టింపు అయ్యాయిగాని, రొట్టెలు రెట్టింపు కాలేదు. రేకులు రెట్టింపు కాలేదు. ఉన్న కాసిని సరుకులకోసం అందరూ ఎగబడేసరికి ధరలు పెరిగిపోయాయి. సిమెంటు తెచ్చిన ఓడ కప్తాను ఆ నోట్లను చూసి, "ఈ కాగితాలు మా దేశంలో ఎవరు తీసుకుంటారు? నాకు వద్దు!" అన్నాడు. వెయ్యి రూపాయలకు కప్పంతా వస్తుందనుకున్న ముసలమ్మకు సగం కప్పు కూడా రాలేదు. ఆమె పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. తాళం తాళంగానే ఉన్నది. అయినా సొమ్ము సగం పోయింది!

డబ్బు విషయంలో ఉన్న చిక్కు ఇదే. నోటు విలువ కాగితంలో లేదు, జనం నమ్మకంలో ఉన్నది. చిన్న దీవి ఒక్కతే ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవటం చాలా కష్టం. ఎందుచేతనంటే ఒక్క గాలివాన చాలు, దీవి మొత్తాన్ని ఊడ్చివేయటానికి. పెద్దదేశంలో ఒకచోట తుఫాను వస్తే మిగతా దేశం బాగానే ఉంటుంది. చిన్న దీవికి "మిగతా దేశం" అంటూ ఉండదు.

ఇప్పుడు ఊహ విడిచిపెట్టి నిజంగా జరిగినది చూదాం. గ్రెనడా దీవి జాజికాయకు పేరుపడినది. ఆ దేశపు జెండామీద కూడా జాజికాయ బొమ్మ ఉంటుంది. 2004 సెప్టెంబరులో ఐవన్ అనే తుఫాను ఆ దీవిమీదుగా పోయింది. పది ఇళ్ళల్లో తొమ్మిదింటికి దెబ్బ తగిలింది. జాజి చెట్లు చాలా భాగం నేలకొరిగాయి. జాజి మొక్క నాటితే కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుంది. దేశం మొత్తం రెండేళ్ళలో సంపాదించేదంత సొత్తు ఒక్కరోజున నష్టమయింది.

మన ఊహాదీవిలో లాగా గ్రెనడా డబ్బు కూడా పడిపోవలసిందే గదా? పడిపోలేదు. తుఫానుకు ముందు ఒక అమెరికా డాలరుకు 2 డాలర్ల 70 సెంట్లు. తుఫాను తర్వాతా అంతే. ఎందుచేత? ఆ నోటు గ్రెనడా ఒక్కదానిది కాదు గనక. దాని వెనక మరి ఏడు దీవుల సంపాదనా, నిల్వా నిలబడి ఉన్నది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి బ్యాంకులో దాచుకున్న డబ్బు మటుకు పోలేదు.

మాంట్సెరాట్ కథ ఇంకా ఘోరం. అక్కడ 1995లో అగ్నిపర్వతం మేలుకున్నది. రెండేళ్ళలో దాని రాజధాని ప్లిమత్ బూడిదకింద పడిపోయింది. జనంలో సగానికి పైగా దీవి వదిలి వెళ్ళిపోయారు. ఆ దీవికి సొంత డబ్బే ఉండి ఉంటే, వెళ్ళిపోయేవాళ్ళ చేతుల్లోని నోట్లు చిత్తుకాగితాలు అయి ఉండేవి. 2017లో డొమినికాను మరియా తుఫాను ధ్వంసం చేసింది. అప్పుడు కూడా నోటు చలించలేదు.

ఈ ఏర్పాటు ఎట్లా వచ్చిందో కొంచెం చెబుతాను. ఈ దీవులన్నీ ఒకప్పుడు బ్రిటిషువారివి. 1950లో వాళ్ళు బార్బడోస్, ట్రినిడాడ్, గయానా, ఇంకా ఈ చిన్న దీవులూ అన్నిటికీ కలిపి ఒక డాలరు పెట్టారు. 1958లో జమైకాతో సహా పది ప్రాంతాలు కలిసి ఒకే దేశంగా, ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. కాని మూడేళ్ళకే జమైకా ప్రజలు వోటు వేసి విడిపోయారు. అప్పుడు ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ ఒక వింత లెక్క చెప్పాడు: "పదిలోంచి ఒకటి తీసివేస్తే సున్న" అన్నాడు! మీ లెక్కల మాస్టారు ఒప్పుకోరు గాని, అక్కడ అట్లాగే జరిగింది. జమైకా వెనకనే ట్రినిడాడ్ కూడా పోయింది. 1962లో సమాఖ్య కూలిపోయింది.

మిగిలిన చిన్న దీవులనయినా కలిపి ఉంచాలని ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఎంతో పాటుపడ్డాడు. ఆయన సెయింట్ లూసియాలో పుట్టినవాడు. ఆయన ప్రయత్నమూ ఫలించలేదు. దేశం ఒకటి కాలేదు. కాని చిన్న దీవులు డబ్బును మటుకు వదులుకోలేదు. ట్రినిడాడ్, గయానా, ఆ తర్వాత బార్బడోస్ ఎవరి డబ్బు వారు పెట్టుకుని వెళ్ళిపోయినా, మిగిలినవి 1965లో తూర్పు కరిబియన్ డాలరు ప్రారంభించాయి. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70 చొప్పున రేటు కట్టారు. ఆ రేటు ఇంతవరకూ మారలేదు. 1983 అక్టోబరులో సెయింట్ కిట్స్‌లోని బాస్‌టేర్ పట్నంలో ఈ దీవులకు కలిపి ఒక కేంద్ర బ్యాంకు పెట్టారు. ఆర్థర్ లూయిస్‌కు 1979లో నోబెల్ బహుమానం వచ్చింది. ఇవాళ నూరు డాలర్ల నోటుమీద ఉన్న బొమ్మ ఆయనదే.

"ఎనిమిదిమంది ఒకే కుండలోంచి వడ్డించుకుంటే, ఎవడో ఒకడు ఎక్కువ వడ్డించుకోడా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే అది. అందుకే వాళ్ళు గట్టి నియమాలు పెట్టుకున్నారు. బ్యాంకు తాను బాకీపడిన ప్రతి నూరు డాలర్లకూ కనీసం 60 డాలర్ల విలువగల విదేశీ నిల్వ ఉంచాలి. వాస్తవంగా అంతకంటే చాలా ఎక్కువే ఉంచుతూ వచ్చారు. ఏ ప్రభుత్వమూ వచ్చి, "మాకు లోటు వచ్చింది, నోట్లు కొట్టి ఇవ్వండి" అని అడిగి తన ఇష్టం వచ్చినంత పట్టుకుపోవటానికి వీల్లేదు. అప్పుకు హద్దు ఉన్నది. బ్యాంకును నడిపే సభలో ఎనిమిది ప్రభుత్వాలకూ తలా ఒక మంత్రి ఉంటాడు. సెయింట్ లూసియాలో సుమారు లక్షా ఎనభై వేలమంది ఉన్నారు, ఆంగ్విల్లాలో పదిహేను వేలమందే. అయినా సభలో ఇద్దరికీ సమానంగా ఒక్కొక్క కుర్చీ!

ఈ కుర్చీ సంగతి చాలా ముఖ్యం. పసిఫిక్ మహాసముద్రంలో కిరిబాటి, టువాలు, నౌరూ అనే చిన్న దేశాలు ఆస్ట్రేలియా డాలరు వాడుకుంటాయి. ఆ డబ్బు గట్టిదే. కాని ఆస్ట్రేలియావారు దాన్ని గురించి ఏదయినా నిర్ణయించేటప్పుడు తమ దేశపు మంచి చూసుకుంటారు. టువాలును సలహా అడగరు. పక్కింటివాళ్ళ గొడుగులో నడవటం వేరు, నలుగురూ కలిసి గొడుగు కొనుక్కోవటం వేరు.

ఇంతవరకూ లాభాలే చెప్పాను. నష్టాలు చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే.

డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ దీవులు చాలాకాలం అరటిపళ్ళు అమ్ముకుని బతికాయి. బ్రిటన్ ఆ పళ్ళను ప్రత్యేకంగా ఆదరించి కొనేది. 1990 తర్వాత ప్రపంచ వర్తకపు నియమాలు మారి, ఆ ఆదరణ తగ్గిపోయింది. దక్షిణ, మధ్య అమెరికాల్లోని పెద్ద పెద్ద తోటల పళ్ళు చవక. చిన్న కమతాల రైతులు పోటీకి నిలవలేక వేలమంది అరటితోటలు మానుకున్నారు. సొంత డబ్బు ఉన్న దేశమయితే అటువంటప్పుడు తన డబ్బు విలువ తగ్గించుకుంటుంది. అప్పుడు దాని సరుకు బయటివాళ్ళకు చవకగా దొరుకుతుంది, అమ్మకం పెరుగుతుంది. మన ఎనిమిది దీవుల్లో ఏ ఒక్కటీ తనంతట తాను ఆ పని చేయలేదు. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో ఒక్కటి పక్కకు తిరగగలదా?

అయితే ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. చిన్న దీవి గోధుమపిండీ, మందులూ, కిరసనాయిలూ, మేకులూ కూడా బయటినుంచే తెచ్చుకుంటుంది. డబ్బు విలువ తగ్గిస్తే అరటిపండు చవక అవుతుంది నిజమే. కాని రొట్టే, మందూ ఖరీదవుతాయి. కుడిచేతికి వచ్చినది ఎడమచేతినుంచి పోతుంది. అందుచేత ఈ నష్టం చిన్న దీవికి, పెద్ద దేశానికి ఉన్నంత పెద్దది కాదు.

రెండో నష్టం అప్పులు. డబ్బు గట్టిగా ఉన్నంత మాత్రాన ప్రభుత్వం గట్టిగా ఉన్నట్టు కాదు. నోట్లు అచ్చువేసుకునే వీలు లేదు గనక, కష్టం వచ్చినప్పుడు ఈ దీవులు బయట అప్పులు చేశాయి. సెయింట్ కిట్స్ 2012లోనూ, గ్రెనడా 2005లో ఒకసారీ, పదేళ్ళకు మరొకసారీ అప్పులవాళ్ళతో మాట్లాడుకుని, బాకీలు తీర్చే పద్ధతి మార్పించుకోవలసి వచ్చింది. కలిసి పెట్టుకున్న డబ్బు ముసలమ్మ పెట్టెను కాపాడుతుంది. కూలిన ఇల్లు మటుకు కట్టిపెట్టదు.

మరి నాన్నగారు అన్నట్టు అన్ని దీవులూ కలిసి ఒకే డబ్బు పెట్టుకోవచ్చునా? ఇక్కడ కాస్త ఆలోచించాలి. ట్రినిడాడ్‌లో నూనె, గ్యాసు దొరుకుతాయి. నూనె ధర పెరిగితే వాళ్ళకు పండుగ. ఆంటిగ్వాకు సముద్రతీరాలు చూడవచ్చే యాత్రికులే ఆధారం, నూనె కొనుక్కోవలసినవాళ్ళు. నూనె ధర పెరిగితే వాళ్ళకు ఇబ్బంది. ఒకరికి పండుగ అయినప్పుడు మరొకరికి బాధ అయితే, ఇద్దరికీ సరిపడే రేటు ఎట్లా కట్టటం? జోడు కుదరని ఎద్దులను ఒక కాడికి కడితే బండీ సాగదు, ఎద్దుల మెడలూ పుండుపడతాయి. ఎనిమిది దీవులకూ జోడు కుదిరింది. అన్నీ చిన్నవే, అన్నిటికీ యాత్రికులూ, తుఫానులూ ఒకటే.

విడిగా ఉన్నవన్నీ చెడిపోయాయని కూడా అనుకోకండి. జమైకా 1969లో తన డాలరు పెట్టినప్పుడు అది అమెరికా డాలరుకంటే విలువైనది. ఇవాళ ఒక అమెరికా డాలరు కావాలంటే 150కి పైగా జమైకా డాలర్లు ఇవ్వాలి. కాని బార్బడోస్ కూడా విడిగానే ఉన్నది. 1975 నుంచి ఒక అమెరికా డాలరుకు రెండు బార్బడోస్ డాలర్ల చొప్పున రేటు నిలబెట్టుకుంటూనే ఉన్నది. అంటే విడిగా ఉండి కూడా నియమం తప్పకుండా నడుచుకోవచ్చు. కాకపోతే ఒంటరిగా ఉన్నవాడికి, "ఒద్దు, ఆగు" అని చెప్పే తోటివాళ్ళు ఉండరు. తన చెయ్యి తానే పట్టుకోవాలి. అది ఎంత కష్టమో, డబ్బాలో మిఠాయి పెట్టుకుని కూర్చున్న మీకు నేను చెప్పనక్కర్లేదు!

అందుచేత నాన్నగారికి నా జవాబు ఇది: బాగా చిన్న దీవులు, ఒకే రకం బతుకు బతికే దీవులు, డబ్బు కలిపి పెట్టుకోవటం మంచిదే. కాని రెండు షరతులు. ఎంత చిన్నవాడికయినా సభలో కుర్చీ ఉండాలి. ఎంత పెద్దవాడయినా కుండలో దొంగచాటుగా చెయ్యి పెట్టకూడదు. ఈ రెండూ ఉన్నంతకాలం నోటు కాగితమయినా బంగారమే. ఈ రెండూ పోయిన రోజున ఎనిమిదిమంది కలిసి అచ్చువేసినా అది కాగితమే.

ఇప్పుడు మీకు పని. అట్లాసు తెరిచి, ఆంగ్విల్లా మొదలు గ్రెనడా దాకా ఎనిమిది దీవులూ వెతికి పట్టుకోండి. మధ్యలో మార్టినిక్, గ్వాడలూప్ అనే రెండు దీవులు తగులుతాయి. అవి ఫ్రాన్సువి, అక్కడ యూరో చెల్లుతుంది.

తర్వాత ఈ లెక్క చెయ్యండి. ఆంటిగ్వా అంగడిలో ఒక క్రికెట్ బంతి 27 తూర్పు కరిబియన్ డాలర్లు. సరిగ్గా అటువంటి బంతే బార్బడోస్ అంగడిలో 22 బార్బడోస్ డాలర్లు. బంతి ఎక్కడ చవక? ఎంత చవక? పైకి చూసి చెప్పకండి, రేట్లు పైన ఇచ్చాను. జవాబు వచ్చే నెల.